గుంటూరు ఆకాశంలో ఒక పసుపు గీత



1980 ఫిబ్రవరి 16, శనివారం. సిద్ధార్థి నామ సంవత్సర మాఘ బహుళ అమావాస్య. ఆనాడు సంపూర్ణ సూర్యగ్రహణం మా నల్లగొండ ప్రాంతం మీదుగా సాగిపోయింది. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు నిండలేదు. ప్రాచ్య కళాశాలలో చదువుకుంటూ సెలవుకు ఇంటికి వచ్చాను. పొద్దుటి నుంచి ఇంట్లో పెద్దవాళ్లెవరూ పచ్చి గంగయినా ముట్టలేదు. ఊరగాయ జాడీల మీద, నీళ్ల బిందెల మీద దర్భలు పడ్డాయి. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టారు. తలుపులూ కిటికీలూ బిగించి, మా అమ్మ అందరినీ నడింట్లో కూర్చోబెట్టింది.

వీధి తలుపు రెక్కల సందులోంచి సన్నని వెలుగు గీత ఒకటి నేల మీద పడుతూ ఉండేది. మూడున్నర దాటాక అది వన్నె తగ్గుతూ వచ్చి, ఉన్నట్టుండి ఆరిపోయింది. బయట కాకులు గోల పెట్టాయి. ఎవరిదో లేగదూడ అరిచింది. రెండు నిమిషాలకు పైగా ఆ చీకటి నిలిచింది. తరువాత గీత మళ్లీ వెలిగింది. నేను చూసిన సంపూర్ణ సూర్యగ్రహణం అంతమాత్రమే. మాకు అట్టే దూరం లేని ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల-రంగాపూర్ వేధశాలకు ఆ రెండు నిమిషాల కోసమే దేశవిదేశాల శాస్త్రజ్ఞులు వచ్చి మకాం చేశారని మరునాడు పత్రికలో చదివి తల దించుకున్నాను.

ఆ సిగ్గు నన్ను చాలాకాలం వదలలేదు. తెలుగు పండితుడిగా ఉద్యోగం చేసిన ఏళ్లన్నింటిలోనూ, పాఠశాల గ్రంథాలయంలో గ్రహణాల మీద ఏ పుస్తకం కనబడినా తీసి చదివేవాణ్ణి. ఆ చదువులో తెలిసిన విషయం ఇది: సూర్యుడు దేనితో తయారయ్యాడన్న ప్రశ్నకు సమాధానం దొరికిన దారి మన గుంటూరు, బందరు, వనపర్తి, కాకినాడల మీదుగా పోయింది. ఆ కథ చెప్పడానికే ఈ టపా. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. తెలిసినవారు దోషాలుంటే దిద్దవలసిందిగా మనవి.

ఎప్పుడు అన్నది వేరు, ఏమిటి అన్నది వేరు

గ్రహణం ఎప్పుడు పడుతుందో గణించి చెప్పడం మనవారికి కొత్త కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే గ్రహణాలు ఛాయల వల్ల కలుగుతాయన్న వివరణ ఉంది. సిద్ధాంతులు స్పర్శ మోక్ష కాలాలు కట్టి పంచాంగాలలో వేస్తూనే ఉన్నారు. అయితే ఇదంతా గమనానికి సంబంధించిన విద్య. ఫలానా గోళం ఫలానా వేళకు ఎక్కడుంటుంది అని అడిగితే జవాబు చెబుతుంది. ఆ గోళం మట్టా, మంటా, లోహమా, వాయువా అని అడిగితే మౌనం వహిస్తుంది.

ఆ మౌనం ఎన్నటికీ వీడదని తీర్మానించిన మేధావి ఒకడున్నాడు. ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కోంత్. నక్షత్రాల ఆకారాలనూ, దూరాలనూ, పరిమాణాలనూ, చలనాలనూ తెలుసుకోవచ్చును గాని, అవి ఏ రసాయన పదార్థాలతో కూడినవో మానవుడు ఏ ఉపాయం చేతనూ ఎరుగలేడని ఆయన 1835లో రాశాడు. ఆలోచిస్తే ఆ మాటలో తప్పేమీ కనబడదు. ఒక వస్తువు ఏమిటో తెలియాలంటే చేతికి చిక్కాలి, కొలిమిలో పెట్టాలి, ఆమ్లంలో వేయాలి. సూర్యుణ్ణి తెచ్చి మూసలో పోసేదెవరు? కోంత్ 1857లో కన్నుమూశాడు. ఆయన పోయిన రెండేళ్లకే ఆ మాట వీగిపోయింది.

చీకటి గీతల లిపి

సూర్యకాంతిని పట్టకం గుండా పంపితే ఏడు రంగుల పటం ఏర్పడుతుందని మనందరం బడిలో చదువుకున్నాం. ఆ కాంతిని ముందు ఒక సన్నని చీలిక గుండా రానిచ్చి, తరువాత పట్టకంలోకి పంపితే ఇంకొక వింత కనిపిస్తుంది. రంగుల పటానికి అడ్డంగా సన్నని నల్లని గీతలు ఉంటాయి. ఇంగ్లండులో వోలాస్టన్ 1802లో వీటిలో కొన్నింటిని గమనించాడు. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ 1814లో అయిదు వందలకు పైగా గీతలను గుర్తించి పటం గీశాడు. ప్రధానమైన వాటికి ఏ, బి, సి, డి అంటూ అక్షరాల పేర్లు పెట్టాడు.

ఈ ఫ్రౌన్‌హోఫర్ చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని, ఒక అద్దాల పనివాడి దగ్గర శిష్యరికంలో చేరిన కుర్రవాడు. 1801లో యజమాని ఇల్లు కూలి శిథిలాల కింద చిక్కుకుని బతికి బయటపడ్డాడు. ఆ సంఘటనను కళ్లారా చూసిన బవేరియా ప్రభువు ఆదరించడంతో చదువు అబ్బింది. ముప్పై తొమ్మిదేళ్లకే మరణించాడు. తాను గీసిన గీతలు ఏ భాషలోనివో ఆయనకు తెలియదు. లిపిని యథాతథంగా ఎత్తి రాసిపెట్టి, చదవడం తరువాతివారికి వదిలిపోయిన శాసన లేఖకుడి వంటివాడు.

చదివినవారు హైడెల్‌బర్గ్‌లో ఉన్న కిర్‌కాఫ్, బున్సెన్. 1859 నాటి మాట. పొయ్యిలో ఉప్పు పడితే మంట పసుపుగా మారడం మన వంటిళ్లలో ఎరుగనివారు లేరు. ఆ పసుపు ఉప్పులోని సోడియంది. ఆ మంటను పట్టకం గుండా చూస్తే పక్కపక్కనే రెండు పసుపు గీతలు కనబడతాయి. సూర్యుడి రంగుల పటంలో ఫ్రౌన్‌హోఫర్ 'డి' అని పేరు పెట్టిన నల్ల గీతల జంట సరిగ్గా అదే చోట ఉంది. కిర్‌కాఫ్ తేల్చినది ఇది: వేడెక్కిన వాయువు ఏ రంగు కాంతిని వెలువరిస్తుందో, తనకంటె వేడి అయిన దీపపు కాంతి తన గుండా పోయినప్పుడు అదే రంగును మింగేస్తుంది. కాబట్టి సూర్యుడి చుట్టూ ఉన్న ఆవిరిలో సోడియం ఉంది. ఇనుమూ ఉంది. ప్రతి మూలకానికీ తనవైన గీతలు, మనిషికి వేలిముద్రల వలె.

దీనితో పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్న గోళాన్ని ముట్టుకోకుండా పరీక్షించే విద్య పుట్టింది. దానికి మొదటి గొప్ప పరీక్షా సమయం మన నేల మీద వచ్చింది.

విభవ నామ సంవత్సర శ్రావణ అమావాస్య

1868 ఆగస్టు 18, మంగళవారం. విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య. ఏడెన్ నుంచి హిందూదేశం మీదుగా సయాం వరకు సంపూర్ణ గ్రహణం. మన ప్రాంతంలో ఉదయం సుమారు తొమ్మిది గంటల వేళ అయిదు నిమిషాలకు పైగా సూర్యబింబం పూర్తిగా మూతపడింది. ఇంత దీర్ఘమైన సంపూర్ణత అరుదు. సంపూర్ణ గ్రహణంలో చంద్రబింబపు అంచున ఎర్రని నాలుకలు లేచినట్టు కనిపిస్తాయి. వాటిని సౌరజ్వాలలు అందాం. అవి సూర్యుడివే గాని చంద్రుడివి కావని 1860 నాటి స్పెయిన్ గ్రహణంలో తేలింది. అవి ఏమిటో మాత్రం తెలియదు. కిర్‌కాఫ్ విద్య చేతికి వచ్చాక అనుకూలమైన గ్రహణం ఇదే. అందుకే ఇన్ని బృందాలు వచ్చాయి.

గుంటూరులో ఇద్దరు దిగారు. ఒకరు ఆంగ్ల సైన్యానికి చెందిన మేజర్ టెన్నంట్. రెండవవారు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్ జాన్సెన్. బందరులో మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్. అదే వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తిలో మకాం వేశారు. రఘునాథాచారి అంతకు ముందు ఏడాదే, 1867లో, ఒక చంచల కాంతి నక్షత్రాన్ని కనుగొన్నవారు. అటు తూర్పున సయాం రాజు మాంగ్‌కుట్ తానే స్వయంగా గ్రహణాన్ని గణించి, అతిథులను వెంటబెట్టుకుని అడవి ప్రాంతానికి వెళ్లి చూశాడు. అక్కడ సోకిన మలేరియాతో అక్టోబరు 1న మరణించాడు. ఈ గ్రహణం ప్రాణమిచ్చి చూసినవారి గ్రహణం కూడా.

పాగ్సన్ గురించి ఒక్క మాట. నక్షత్రాల ప్రకాశాన్ని మొదటి తరగతి, రెండవ తరగతి అంటూ విభజించడం గ్రీకుల కాలం నుంచీ ఉంది. ఆ తరగతులకు లెక్క కట్టినవాడు పాగ్సన్. 1856లో ఆయన చేసిన ప్రతిపాదన ప్రకారం, అయిదు తరగతుల తేడా అంటే కాంతిలో సరిగ్గా నూరు రెట్ల తేడా. ఒక్క తరగతికి సుమారు 2.512 రెట్లు. నేటికీ ప్రపంచమంతా వాడే కొలబద్ద అదే. ఆ కొలబద్ద చేసినవాడు 1861 నుంచి చనిపోయిన 1891 దాకా మద్రాసులోనే ఉండిపోయాడు.

ఇక జాన్సెన్. బాల్యంలో జరిగిన ప్రమాదం వల్ల కుంటికాలు. అయినా గ్రహణమంటే భూగోళంలో ఏ మూలకైనా కదిలే మనిషి. 1870లో పారిస్ నగరాన్ని ప్రష్యా సేనలు ముట్టడించి ఉండగా బెలూన్ ఎక్కి నగరం దాటి అల్జీరియాకు పోయాడు. తీరా అక్కడ మబ్బు కమ్మింది. గుంటూరులో మాత్రం దైవం అనుకూలించింది. ఆగస్టు మాసమంటే మనకు వానల కాలం. ఆ ఉదయం ఆకాశం కరుణించింది. సంపూర్ణత రాగానే ఆయన వర్ణపటదర్శిని చీలికను ఒక పెద్ద సౌరజ్వాల మీదికి తిప్పాడు. కనిపించినవి నల్ల గీతలు కావు, వెలుగు గీతలు. అంటే ఆ జ్వాలలు మండే వాయురాశులు. అందులో ముఖ్యమైనది ఉదజని, అనగా హైడ్రోజన్. మిగిలిన బృందాలు కూడా అదే చెప్పాయి.

జాన్సెన్‌కు అక్కడే మరొక ఆలోచన మెరిసింది. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చుననిపించింది. దాని లోగుట్టు ఇది. మామూలు రోజున సౌరజ్వాలలు కనిపించకపోవడానికి కారణం ఆకాశపు వెలుగు. పట్టకం ఆ వెలుగును పొడుగాటి రంగుల పటంగా సాగదీసి పలుచన చేస్తుంది. సౌరజ్వాల కాంతి మాత్రం రెండు మూడు గీతల్లోనే పోగుపడి ఉంటుంది గనుక సాగదీసినా పలుచబడదు. చెరువులో నీళ్లు ఇంకితే రాళ్లు బయటపడినట్టు, వెలుగు పలుచబడితే గీతలు బయటపడతాయి.

ఆనాటి మిగిలిన పొద్దంతా మబ్బు. మరునాడు, ఆగస్టు 19న, ఉదయమే చీలికను సూర్యుడి అంచుకు గురిపెట్టాడు. గ్రహణం లేదు. సూర్యుడు నిండుగా వెలుగుతున్నాడు. గీతలు కనిపించాయి. పక్షం రోజులకు పైగా గుంటూరులోనే ఉండి, సౌరజ్వాలలు గంట గంటకూ ఆకారం మార్చడం చూస్తూ కూర్చున్నాడు. అంతకు ముందు ఏ గ్రహణంలోనూ ఎవరికీ అయిదారు నిమిషాలకు మించి దక్కని దృశ్యమది.

కాకినాడ నుంచి ఒక ఉత్తరం

సెప్టెంబరు 19న ఆయన పారిస్ విజ్ఞాన పరిషత్తుకు కాకినాడ నుంచి ఉత్తరం రాశాడు. ఓడల మీద అది చేరేసరికి అక్టోబరు 26 అయింది. ఈలోగా లండనులో నార్మన్ లాకియర్ అనే యుద్ధ శాఖ గుమాస్తా, ఖగోళశాస్త్రం మీద అభిరుచితో తన సొంత దూరదర్శినితో, గుంటూరు సంగతి తెలియకుండానే అక్టోబరు 20న అదే పద్ధతిలో సౌరజ్వాలల గీతలను చూశాడు. ఆయనకు ఈ ఊహ రెండేళ్ల ముందే వచ్చింది. తగిన పరికరం చేయించి తెచ్చుకోవడంలో ఆలస్యమైంది. ఆయన వార్త కూడా పరిషత్తుకు అదే రోజున అందింది. ఒకే సభలో రెండింటినీ చదివారు. ఎవరు ముందు అన్న తగవు రాకుండా ఫ్రెంచి ప్రభుత్వం 1872లో ఇద్దరి ముఖాలూ చెక్కించి ఒకే పతకం పోయించింది.

ఇక్కడ ఒక సవరణ చెప్పాలి. గుంటూరులో జాన్సెన్ హీలియం కనుగొన్నాడని మన పత్రికల్లోనూ, క్విజ్ పుస్తకాల్లోనూ తరచు కనిపిస్తుంది. నేనూ పిల్లలకు కొన్నేళ్లు అలాగే చెప్పాను. అది పూర్తిగా సరికాదు. గ్రహణ సమయంలో సౌరజ్వాలల కాంతిలో ఒక పసుపు గీతను చాలామంది చూశారు. సోడియం డి గీత ఆ దగ్గర్లోనే ఉంది గనుక ఇదీ అదేనని సరిపెట్టుకున్నారు. బందరులో పాగ్సన్ మాత్రం ఆ గీత డి వద్దనో, దాని సమీపాననో అని సందేహానికి చోటు ఉంచి రాశాడు. లెక్కలో చూస్తే తేడా స్వల్పం. సోడియం జంట 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర. ఈ కొత్త గీత 587.6 దగ్గర. అయిదు నిమిషాల హడావిడిలో, చీకట్లో, చేతులు వణుకుతుండగా ఆ ఎడం కొలవడం ఎవరికి సాధ్యం? గ్రహణం లేకుండా తీరికగా చూసే పద్ధతి దొరికాకనే లాకియర్ ఆ గీత సోడియానిది కాదని నిశ్చయించగలిగాడు. కాబట్టి గుంటూరుకు దక్కవలసిన కీర్తి మూలకాన్ని కనుగొన్నందుకు కాదు, దాన్ని కనుగొనడానికి వీలైన పద్ధతి అక్కడ పుట్టినందుకు. నా దృష్టిలో ఇది తక్కువ కీర్తి కాదు.

తప్పు ప్రత్యయంతో రూఢమైన పేరు

లాకియర్, రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్‌లండ్ కలిసి ఆ గీతను ప్రయోగశాలలో పుట్టించాలని చూశారు. ఉదజనిని ఎంత ఒత్తిడిలో, ఎంత వేడిలో పరీక్షించినా ఆ గీత రాలేదు. భూమి మీద తెలిసిన ఏ పదార్థమూ దానిని ఇవ్వలేదు. సూర్యుడికి గ్రీకు పేరైన హీలియోస్ నుంచి 'హీలియం' అని పిలిచారు. 1871లో విలియం థామ్సన్, అంటే తరువాతి కాలపు కెల్విన్ ప్రభువు, తన సభాధ్యక్ష ప్రసంగంలో ఆ పేరు ప్రకటించాడు.

వ్యాకరణం చదువుకున్నవాణ్ణి గనుక నాకు ఇందులో ఒక ముచ్చట తోచింది. సోడియం, కాల్షియం, మెగ్నీషియం వంటి లోహాల పేర్లకు చివర 'ఇయం' వస్తుంది. నియాన్, ఆర్గాన్ వంటి జడవాయువుల పేర్లకు చివర 'ఆన్' వస్తుంది. హీలియం జడవాయువు. న్యాయంగా దాని పేరు 'హీలియాన్' కావాలి. అది ఏమిటో తెలియక ముందే, లోహమనుకుని, పేరు పెట్టారు. నిజం తెలిసేసరికి మాట రూఢి అయిపోయింది. రూఢి యోగాన్ని మించిపోతుందని మన శాస్త్రకారులు ఊరికే అనలేదు.

పాతికేళ్లకు పైగా చాలామంది దీనిని నమ్మలేదు. ఒక్క గీతను పట్టుకుని మూలకమంటే ఎలా? తెలిసిన మూలకమే ఏదో వింత పరిస్థితిలో ఇచ్చిన గీత కావచ్చునన్నారు. 1895 మార్చిలో విలియం రామ్సే యురేనియం ఉన్న క్లీవైట్ అనే ఖనిజం మీద ఆమ్లం పోసి, వెలువడిన వాయువును వర్ణపటదర్శినిలో చూస్తే, ఆ పసుపు గీత అక్కడ ఉంది. 1868లో ఆకాశంలో కనబడిన పదార్థం ఇరవై ఏడేళ్లకు నేల మీద దొరికింది. మనిషి భూమి మీద కంటె ముందు ఆకాశంలో గుర్తించిన మూలకం ఇదొక్కటే.

గట్టిగా పలికేవారు, మౌనంగా ఉండేవారు

గీతలను బట్టి ఏ పదార్థం ఉందో తెలిసింది. ఎంత ఉందో? ఇక్కడ గొప్ప గొప్పవారు సైతం పొరబడ్డారు.

సూర్యుడి రంగుల పటంలో ఇనుము గీతలు లెక్కకు మిక్కిలి. కాల్షియం గీతలు అన్నింటికన్న దట్టం. కాబట్టి సూర్యుడి దేహం కూడా దాదాపు భూమి దేహం వంటిదే, కాకపోతే ఆవిరిగా మారి ఉందని శాస్త్రజ్ఞులు అనుకున్నారు. మరొక చిక్కు కూడా ఉంది. వేరువేరు నక్షత్రాల గీతలు వేరువేరుగా ఉంటాయి. హార్వర్డ్‌లో ఆనీ జంప్ కానన్ సుమారు మూడున్నర లక్షల నక్షత్రాలను గీతలను బట్టి తరగతులుగా విడదీసింది. మరి ఈ తరగతులు వేరువేరు పదార్థాల నక్షత్రాలా?

చిక్కుముడి విప్పినవాడు మేఘనాథ్ సాహా. ఢాకా దగ్గర పల్లెలో చిల్లర దుకాణదారుడి కొడుకు. 1905లో గవర్నరు రాకను నిరసించినందుకు బడి నుంచి వెళ్లగొట్టబడి విద్యార్థివేతనం పోగొట్టుకున్నవాడు. 1920లో ఆయన ప్రచురించిన సూత్రం చెప్పినది ఇది: వేడి పెరిగిన కొద్దీ పరమాణువులు ఎలక్ట్రాన్లను వదులుకుంటాయి, ఏ వేడిలో, ఏ ఒత్తిడిలో ఎంత భాగం వదులుకుంటాయో లెక్క కట్టవచ్చు. ఎలక్ట్రాను పోయిన పరమాణువు పాత గీతలను మానేసి కొత్త గీతలు ఇస్తుంది. కాబట్టి నక్షత్రాల తరగతుల్లోని తేడా ప్రధానంగా వేడిలోని తేడాయే. గీతలు ఉష్ణమాపకాలు కూడా అయినాయి.

ఈ సూత్రాన్ని చేతపట్టుకుని మొత్తం లెక్క తేల్చిన యువతి సిసీలియా పేన్. ఇంగ్లండులో పుట్టింది. కేంబ్రిడ్జిలో చదివింది గాని ఆ రోజుల్లో అక్కడ స్త్రీలకు పట్టా ఇచ్చేవారు కారు. 1923లో అమెరికా వెళ్లి, హార్వర్డ్ వేధశాలలో అద్దపు ఫలకాల మధ్య రెండేళ్లు శ్రమించి, 1925లో సిద్ధాంత వ్యాసం సమర్పించింది. ఆమె లెక్కలో సూర్యుడిలోనూ నక్షత్రాలలోనూ లోహాలకన్న ఉదజని ఇంచుమించు పది లక్షల రెట్లు ఎక్కువగా తేలింది. హీలియం కూడా అపారమే.

ఇది ఎలా సాధ్యం? ఉదజని గీతలు సూర్యుడిలో అంత దట్టంగా లేవే? నేను పిల్లలకు ఇలా చెప్పేవాణ్ణి. తరగతి బయట నిలబడి వింటే గట్టిగా చదివే నలుగురి గొంతులే వినిపిస్తాయి. దాన్ని బట్టి లోపల నలుగురే ఉన్నారనుకుంటే తప్పు కదా. నోరు విప్పని ఏభై మంది లోపల ఉండవచ్చు. సూర్యుడి ఉపరితలం మీది సుమారు 5,500 డిగ్రీల వేడిలో, మన కంటికి కనబడే నల్ల గీతలు ఇవ్వగల స్థితిలో వంద కోట్ల ఉదజని పరమాణువులలో ఏ అయిదో ఉంటాయి. మిగిలినవన్నీ మౌనం. కాల్షియం అలా కాదు. ఆ వేడిలో దాదాపు ప్రతి పరమాణువూ ఒక ఎలక్ట్రాను పోగొట్టుకుని, దట్టమైన గీత ఇవ్వడానికి సిద్ధంగా ఉంటుంది. నిజానికి అయిదు లక్షల ఉదజని పరమాణువులకు ఒక్క కాల్షియం పరమాణువు. హీలియం మరీ మౌని. మామూలు సూర్యకాంతిలో దాని నల్ల గీత జాడే ఉండదు. దాన్ని పలికించాలంటే ఉపరితలానికి పైన ఉండే జ్వాలల స్థితి కావాలి. 1868లో శాస్త్రజ్ఞులు మన ఊళ్లకు ఎందుకు రావలసివచ్చిందో ఇప్పుడు బోధపడుతుంది.

పేన్ వ్యాసాన్ని ఆనాటి మహా పండితుడు హెన్రీ నోరిస్ రస్సెల్ పరిశీలించాడు. ఉదజని అంతగా ఉండడం అసంభవమన్నాడు. పాతికేళ్ల విద్యార్థిని ఆయన మాట కాదనగలదా? తన వ్యాసంలోనే, ఈ ఫలితం బహుశా నిజం కాకపోవచ్చునని తానే రాసుకుంది. నాలుగేళ్ల తరువాత, 1929లో, రస్సెల్ మరో మార్గంలో అదే నిర్ణయానికి వచ్చాడు. ఆమె పనిని ఆయన ప్రస్తావించాడు గాని, లోకం చాలాకాలం ఆ కీర్తిని ఆయన ఖాతాలోనే వేసింది. హార్వర్డ్‌లో ఆమెకు పూర్తి ఆచార్య పదవి దక్కింది 1956లో. నేటి లెక్క ప్రకారం సూర్యుడి బరువులో దాదాపు మూడు వంతులు ఉదజని, పావు వంతు హీలియం, మిగిలినవన్నీ కలిసి నూటికి రెండు పాళ్లకు మించవు.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు కలుక్కుమంటుంది. తరగతి గదిలో ఎవరో మౌనంగా ఉండే పిల్ల సరైన జవాబు మెల్లగా చెబితే, 'అలా ఎలా అవుతుందమ్మా' అని కూర్చోబెట్టిన సందర్భాలు నాకూ ఉండి ఉంటాయి. ఉపాధ్యాయుడు కాదన్నాక తన జవాబును తానే కొట్టివేసుకునే పిల్లలను చూశాను. వారిలో ఎంతమంది జవాబు నిజమో ఇప్పుడు లెక్క తేల్చగలిగినవారెవరు?

మన ఊళ్ల మరి రెండు పేర్లు

సూర్యుడి బరువు తెలియాలంటే, భూమి ఎంత దూరాన ఎంత కాలంలో తిరుగుతోందో తెలియాలి. కాలం ఏడాది. దూరమే కష్టం. శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటేటప్పుడు భూమి మీద వేరువేరు చోట్ల నుంచి చూసి ఆ దూరం కట్టేవారు. 1874 డిసెంబరు 9న అలాంటి శుక్ర సంక్రమణాన్ని విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు గారు తమ సొంత వేధశాల నుంచి పరిశీలించారు. ఆ వేధశాలను 1840లో నెలకొల్పినది గొడే వెంకట జగ్గారావు గారు. ప్రభుత్వ పోషణ లేకుండా ఒక తెలుగు కుటుంబం చేసిన శాస్త్రసేవ అది.

రెండవ పేరు వైణు బాప్పు. మలయాళీ కుటుంబం, పెరిగినది హైదరాబాదులో. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. 1957లో బాప్పు, అమెరికాకు చెందిన ఓలిన్ విల్సన్ కలిసి ఒక విశేషం ప్రకటించారు. చల్లని నక్షత్రాల కాంతిలో కాల్షియం 'కె' నల్ల గీత నడుమ సన్నని వెలుగు చార ఒకటి ఉంటుంది. నక్షత్రపు అసలు కాంతి ఎంత ఎక్కువైతే ఆ చార అంత వెడల్పు. అంటే చార వెడల్పు కొలిస్తే దీపం అసలు ఎంత గొప్పదో తెలుస్తుంది. మనకు కనిపించే వెలుగుతో పోలిస్తే అది ఎంత దూరాన ఉందో తెలుస్తుంది. దూరం కూడా గీతలోనే రాసి ఉందన్నమాట. తండ్రి వెంట వేధశాలకు వెళ్లిన పిల్లవాడు కనిపెట్టినది ఇది. మా అమ్మ నన్ను లోపల కూర్చోబెట్టింది భయంతోనే గాని, ప్రేమ లేక కాదు. ఆమెకు తలుపు తీయమని చెప్పేవారు లేరు. చెప్పవలసిన చదువు నాకు అప్పటికి లేదు.

ఉద్యోగంలో చేరాక, పాక్షిక గ్రహణం వచ్చిన ప్రతిసారీ పిల్లలను ఆరుబయటికి తీసుకువెళ్లి, అట్టముక్కకు సూదితో రంధ్రం చేసి తెల్ల కాగితం మీద సూర్యబింబాన్ని చూపించేవాణ్ణి. కొందరు తల్లిదండ్రులు కోప్పడ్డారు. కొందరు వచ్చి పిల్లల పక్కన నిలబడి వంగి చూశారు.

భారతదేశపు నేలను తాకే మరో సంపూర్ణ సూర్యగ్రహణం 2034 మార్చి 20న, అదీ ఉత్తరాన లదాఖ్ కొసలో. నాకు డెబ్బై దాటిపోతాయి. ఆ చలికి, ఆ ఎత్తుకు ఈ మోకాళ్లు ఒప్పుకుంటాయో లేదో. మా మనవరాలు మాత్రం, 'తాతయ్యా, నేను తీసుకెళ్తాగా' అంటోంది. చూడాలి.

గుంటూరు, కాకినాడ, బందరు, వనపర్తి మిత్రులకు ఒక విన్నపం. జాన్సెన్ గాని, పాగ్సన్ గాని, రఘునాథాచారి గాని మకాం చేసిన తావులను గురించి మీ ఇళ్లలో పెద్దలు చెప్పుకున్న మాటలేవైనా ఉంటే వ్యాఖ్యల్లో రాయండి. ఒక్క వాక్యమైనా సరే.

స్వస్తి.